సాకే రుచి – ఒక బావినీటి చరిత్ర

తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతమున 2008లో నెలకొల్పబడిన శ్రీసిటీలో జపాను పరిశ్రమలు పెక్కు గలవు. ఇసుజు మోటారు కర్మాగారము అచట 2016లో ఉత్పత్తి ప్రారంభించినది. అనతిదూరముననే రొయ్యలకు, పీతలకు పేరుపొందిన పులికాటు సరస్సు ఉన్నది. చేపల నీచువాసనకు ముఖ్యకారణము ట్రైమిథైలమైను అను క్షారపదార్థము. మన పులుసులోని చింతపండు ఆమ్లము దానిని లవణముగ మార్చి, గాలిలోనికి పోనీయదు. జపానులోనైతే చేపలతో సాకే అను బియ్యపు మద్యమును, అందును తీపి తక్కువగు రకమును సేవించుట వాడుక. ఈ పొత్తునకు కారణమేమి?

ఆవిరిపై వండిన బియ్యముమీద కోజి అను బూజును పెంచుదురు. అది పిండిపదార్థమును చక్కెరగ మార్చును. ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగ మార్చును. సాకేలో ఆల్కహాలు సుమారు 15 శాతము. మిగిలిన తీపిని అంచనావేయుటకు, పాలను పరీక్షించు లాక్టోమీటరువంటి తేలుడు సాధనమును వాడుదురు. 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నీటి సాంద్రతను సున్నగా గైకొందురు. అంతకంటె తేలికయైన సాకేకు ధనాంకము, బరువైనదానికి ఋణాంకము. సాధారణముగ ధనాంకము హెచ్చినకొలది తీపి తగ్గును. రొయ్యల కమ్మని తీపికి గ్లైసిన్ అను అమినో ఆమ్లము కారణము. చక్కెర తక్కువగు సాకే ఆ సున్నితమైన తీపిని కప్పివేయదు.

అసలు రహస్యము నీటిలో గలదు. 1840 ప్రాంతమున యమమురా తజయెమన్ అను సాకే వ్యాపారికి ఉవొజకి, నిషినొమియ అను రెండుచోట్ల తయారీశాలలుండెను. నిషినొమియ సాకేయే ఎల్లప్పుడును మేలుగ నుండెడిది. బియ్యమును, పనివారిని మార్చిచూచినను ఫలితము మారలేదు. తుదకు నిషినొమియ బావినీటిని ఉవొజకికి చేరవేయగా, అచటి సాకేయు మేలైనదని చెప్పుదురు. ఒక్కొక్క కారణమునే మార్చి పరీక్షించు ఈ పద్ధతి, మనము ప్రయోగశాలలో నేర్పునదే గదా!

ఆ నీటిలో ఈస్టును పోషించు పొటాసియము, ఫాస్ఫేటు హెచ్చు. ఇనుము మిక్కిలి తక్కువ అని రసాయనశాస్త్రము పిమ్మట తేల్చినది. ఇనుము, కోజి పుట్టించు ఒక పదార్థముతో గలసి సాకే రంగును, రుచిని చెరచును. నేడు సాకే తయారుచేయు నీటిలో ఇనుము లీటరునకు 0.02 మిల్లీగ్రాములు మించరాదని నియమము.

2009లో జపాను పరిశోధకులు పెక్కు ద్రాక్షమద్యములను, ఎండబెట్టిన ఆల్చిప్పజాతి మాంసముతో రుచిచూపి పరీక్షించిరి. ఇనుము హెచ్చుగనున్నవే నోట నీచువాసనను మిగిల్చినవి. ఇనుమును బంధించు పదార్థమును చేర్చగా ఆ వాసన తగ్గినది. మాంసమునందలి క్రొవ్వు విడిపోయి వాసనగల పదార్థములు పుట్టుటకు ఇనుము తోడ్పడుచున్నదన్నమాట.

చింతపండు ఉన్న వాసనను బంధించును. సాకే క్రొత్త వాసనను పుట్టింపదు. మంచి రంగు, రుచి కోరి నీటిని ఎంచుకొనిన ఆ పనివారు, ఇనుము సంగతి యెరుగకయే చేపల రుచినిగూడ కాపాడిరి.