రొట్టెకు కావలివాడు

ఇంగ్లీషు ‘లార్డ్’ను మనం ప్రభువు అన్నాం, లండన్‌లోని సభను ‘ప్రభువుల సభ’ అన్నాం. ఆ మాట లోపల ఒక రొట్టె దాగి ఉందని చదివినప్పుడు, ధాన్యపు కొట్టు తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగే ఆసామి నా కళ్లముందు మెదిలాడు.

ప్రాచీన జర్మానిక్ మూలభాషలో గ్రంథాలేవీ లేవు. దాని నుంచి పుట్టిన భాషలను పోల్చి పండితులు రొట్టెకు ‘హ్లైబజ్’ అనే రూపాన్ని పునర్నిర్మించారు. నాలుగో శతాబ్దపు గోతిక్ బైబిల్లో అది ‘హ్లైఫ్స్’, పాత ఇంగ్లీషులో ‘హ్లాఫ్’. నేటి ఇంగ్లీషు ‘లోఫ్’, జర్మన్ ‘లైబ్’ దాని సంతానమే.

పాత ఇంగ్లీషులో ఈ రొట్టె చుట్టూ ముగ్గురు మనుషులు కనిపిస్తారు. రొట్టెను కాపలా కాసేవాడు ‘హ్లాఫ్‌వెయర్డ్’. అరిగి అరిగి అతడే ‘లార్డ్’ అయ్యాడు. రొట్టెపిండి పిసికే ఆవిడ ‘హ్లేఫ్‌డిగె’, ఆమే ‘లేడీ’. ఇక రొట్టె తినేవాడు ‘హ్లాఫేట’. అంటే ఆ ఇంటి సేవకుడు, మన మాటలో ఉప్పు తిన్నవాడు.

క్రీ.శ. 600 ప్రాంతంలో కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ చేసిన చట్టంలో ఈ మూడోవాడికి వెల కట్టారు. మామూలు స్వతంత్రుడి ప్రాణం ఖరీదు 100 షిల్లింగులు. ఒక సామాన్య రైతు ఇంట రొట్టె తినేవాణ్ణి చంపితే 6 షిల్లింగులు చాలు. అదే చట్టంలో రాజుగారింట తిరగలి విసిరే దాసి కూడా ఉంది. ఆమెతో ఎవడైనా పడుకుంటే పరిహారం 25 షిల్లింగులు. పిండి ఆమె విసిరిందే, కాని రొట్టె పేరుతో కట్టిన ఈ మూడు మాటల్లో ఆమెకు చోటు లేదు.

‘డిగె’ అన్న ముక్క పిసకడాన్ని చెప్పే ధాతువుది. సంస్కృతంలో దాని తోబుట్టువు ‘దిహ్’. మనం రోజూ అనే ‘దేహం’ దాని నుంచే వచ్చింది. మట్టి మెత్తినా పిండి పిసికినా చేతిపనే కదా! అయితే 918లో చనిపోయిన మెర్సియా పాలకురాలు ఎథెల్‌ఫ్లెడ్ నాటికే ‘హ్లేఫ్‌డిగె’ ఏలికల బిరుదు. చేతికి పిండి అంటనక్కర్లేదు. కావలివాడూ పిసికే ఆవిడా బిరుదులై బతికారు. తిన్నవాడి మాట మాత్రం వారసుడు లేకుండా పోయింది.

రొట్టె మాట తూర్పుకూ వెళ్లింది. ఫిన్నిష్ వాళ్లు దాన్ని ‘లేయ్‌పా’గా, స్లావులు ‘ఖ్లెబ్’గా అరువు తెచ్చుకున్నారు. అక్కడ దానికి ఏ ప్రభువూ పుట్టలేదు. 1917 మార్చి 8న పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల ఆడకూలీలు పని ఆపి వీధుల్లోకి వచ్చి అడిగింది ఈ ‘ఖ్లెబ్’నే. వారం తిరిగేసరికి జార్ గద్దె దిగాడు.