ఆన్ కారల్ మూర్

ఆన్ కారల్ మూర్ (1871 జూలై 12 – 1961 జనవరి 20) అమెరికన్ బాలసాహిత్య రచయిత్రి, సమీక్షకురాలు, గ్రంథపాలకురాలు. మెయిన్ రాష్ట్రంలోని లిమరిక్‌లో పుట్టింది. న్యాయవాది అయిన తండ్రి దగ్గర కొంతకాలం న్యాయశాస్త్రం చదివింది. తల్లిదండ్రులు చనిపోయాక బ్రూక్లిన్‌లోని ప్రాట్ సంస్థలో గ్రంథాలయ విద్య పూర్తిచేసింది. 1906 నుంచి 1941 దాకా న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బాలల విభాగానికి అధిపతి.

పిల్లలు వస్తే పుస్తకాలు పాడవుతాయని చాలా గ్రంథాలయాలు వాళ్ళను గుమ్మం దగ్గరే ఆపేసే రోజులవి. మూర్ వాళ్ళ ఎత్తుకు సరిపడే బల్లలు వేయించింది, కథలు చెప్పించింది. పుస్తకాన్ని జాగ్రత్తగా చూసుకుంటానని మాట ఇచ్చి, పెద్ద రిజిస్టరులో తన పేరు తాను రాయగలిగిన ఏ పిల్లవాడైనా పుస్తకం ఇంటికి తీసుకెళ్ళవచ్చు. పిల్లల మాటను అంతగా నమ్మడం అప్పట్లో పెద్ద సాహసమే.

1918లో ‘బుక్‌మన్’ పత్రికలో ఆమె మొదలుపెట్టిన సమీక్షలతో, బాలసాహిత్యానికి కూడా పెద్దల సాహిత్యంతో సమానమైన విమర్శ అవసరమన్న భావన బలపడింది. 1924 నుంచి 1930 వరకు ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’లో ‘మూడు గుడ్లగూబలు’ శీర్షిక నడిపింది. రచయిత, చిత్రకారుడు, విమర్శకుడు ఆ మూడు గుడ్లగూబలు. 1936 నుంచి ‘హార్న్ బుక్’లో రాసింది.

తన వెంట తిప్పుకునే చెక్కబొమ్మే నాయకుడుగా ఆమె రాసిన ‘నికోలస్’ (1924) మరుసటి ఏడాది న్యూబరీ పురస్కారానికి తుదిదాకా నిలిచింది. 1932లో దానికి కొనసాగింపు వచ్చింది. అయితే రచయిత్రిగా కంటే విమర్శకురాలిగానే ఆమె ప్రభావం ఎక్కువ. పుస్తకాన్ని తూచే మనిషే నగర గ్రంథాలయానికి కొనుగోళ్ళూ చూస్తుంటే ప్రచురణకర్తలు ఆ మాటను తీసిపారేయలేరు.

ఆ తూకం తప్పిన సందర్భాలూ ఉన్నాయి. పిల్లల పుస్తకం రాయమని ఇ.బి. వైట్‌ను ప్రోత్సహించింది మూరే. తీరా ‘స్టువర్ట్ లిటిల్’ (1945) ప్రూఫులు చదివాక, దాన్ని అచ్చు వేయవద్దంటూ ఆయన భార్య క్యాథరిన్‌కు సుదీర్ఘమైన ఉత్తరం రాసింది. ఎలుకలా ఉండే పిల్లవాడు మనుషుల ఇంట్లో పుట్టడం ఆమెకు మింగుడుపడలేదు. పుస్తకం వెలువడింది, పిల్లలు ఇష్టంగా చదివారు. మార్గరెట్ వైజ్ బ్రౌన్ ‘గుడ్‌నైట్ మూన్’ (1947) కూడా ఆమెకు నచ్చలేదు. అప్పటికి ఉద్యోగ విరమణ చేసినా గ్రంథాలయంలో ఆమె మాట చెల్లుతూనే ఉంది. ఆ పుస్తకం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ అలమరాల్లోకి 1972లో గాని చేరలేదు. 2020లో గ్రంథాలయం తన చరిత్రలో పాఠకులు అత్యధికంగా తీసుకెళ్ళిన 10 పుస్తకాల జాబితా వెలువరిస్తూ, ‘గుడ్‌నైట్ మూన్’ అందులో లేకపోవడానికి ఆ పాతికేళ్ళ ఆలస్యాన్నే కారణంగా చెప్పి, దానికి ప్రత్యేక ప్రస్తావన ఇచ్చింది.