కుష్ఠువ్యాధి – పాపఫల భావన: ‘రక్త కన్నీర్’ చిత్రణ
కుష్ఠువ్యాధికి సూక్ష్మజీవి కారణమని 1873లో హాన్సెన్ గుర్తించాడు. 1940లలో డాప్సోన్ చికిత్స ఆరంభమైంది. అయినా 1954లో కృష్ణన్-పంజు దర్శకత్వంలో వెలువడిన తమిళ చిత్రం ‘రక్త కన్నీర్’ ఆ వ్యాధిని వేశ్యాలోలత్వానికి ఫలితంగా చూపింది. ఎం.ఆర్. రాధా పోషించిన మోహనసుందరం తల్లిని, భార్యను అలక్ష్యం చేసి, చివరకు రోగియై వీధిన పడతాడు. ఇదే కథను తెలుగు రంగస్థలంపై నాగభూషణం ప్రసిద్ధం చేశారు.

కథకుని ఉద్దేశం సంఘసంస్కరణే. కాని ఆ నీతి నిలవాలంటే వ్యాధి శిక్ష కావాలి. వ్యాధే శిక్షయితే ప్రతి రోగీ దోషిగా కనిపిస్తాడు; రోగాన్ని దాచుకుంటాడు. బహుళౌషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. కుష్ఠును విడాకులకు కారణంగా పరిగణించే నిబంధనలను భారత పార్లమెంటు 2019లో గాని తొలగించలేదు. ఈ జాప్యాన్ని ఒక్క చిత్రానికే ఆపాదించలేము. అయితే పాపఫల భావనకు తెర ఇచ్చిన రూపం కూడా వైద్యచరిత్రకు ఆధారమేనని గుర్తించాలి.