ఒక ఆల్బం, రెండు పాఠాలు: రీప్లేస్‌మెంట్స్ బృందం 'టిమ్' (1985–2023)

ఇంతవరకు మీరు శాసనాలు, దానపత్రాలు, యాత్రికుల రాతలు, ప్రభుత్వ దస్త్రాలు వంటి ఆధారాలను చరిత్రకారులు ఎలా పరిశీలిస్తారో చదివారు. ఈ పాఠంలో మనం తీసుకుంటున్న ఆధారం చదివేది కాదు, వినేది. అది 1985 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైన ఒక రాక్ సంగీత ఆల్బం. పేరు 'టిమ్'. పాడి వాయించినవారు మినసోటా రాష్ట్రం మినియాపొలిస్ నగరానికి చెందిన 'ది రీప్లేస్‌మెంట్స్' అనే నలుగురు యువకుల బృందం. ఈ పేర్లు మీలో చాలామందికి కొత్తవే కావచ్చు. ఆనాడు అమెరికాలోనూ ఎక్కువమందికి తెలియవు. బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం ప్రకటించే 200 ఆల్బంల పట్టికలో 'టిమ్' అందుకున్న అత్యున్నత స్థానం 183.

ఆ ఆల్బం 2023 సెప్టెంబరు 22న మళ్ళీ వచ్చింది. పాటలు పాతవే, గొంతు పాతదే, గిటార్లూ డ్రమ్సూ 1985లో వాయించినవే. మారింది ఒక్కటే: ఆ శబ్దాలను ఒకదానితో ఒకటి కలిపిన తీరు. దశాబ్దాలుగా ఈ ఆల్బంను వింటూ, దాని శబ్దం గురించి సణుగుతూ వచ్చిన అభిమానుల్లో చాలామంది, అసలు 'టిమ్' ఇన్నాళ్ళకు దొరికిందన్నారు. మనం పరీక్షించవలసింది ఈ మాటనే. ముప్ఫై ఎనిమిదేళ్ళ తరువాత తయారైనది 'అసలు' ఎలా అవుతుంది? అప్పటి శ్రోతలు విన్నది మరి ఏమిటి?

బృందం, ఊరు, రేడియో

1979 నాటికి బాబ్ స్టిన్సన్ (గిటార్), అతని తమ్ముడు టామీ (బేస్ గిటార్), క్రిస్ మార్స్ (డ్రమ్స్) ఒక ఇంటి నేలమాళిగలో సాధన చేస్తుండేవారు. టామీకి అప్పుడు పన్నెండు, పదమూడేళ్ళు. ఊడ్చి తుడిచే పని ముగించుకుని ఆ దారిన ఇంటికి వెళ్ళే పాల్ వెస్టర్‌బర్గ్ అనే యువకుడు ఆ చప్పుడు విని ఆగేవాడు. తరువాత అతనే బృందానికి గాయకుడు, పాటల రచయిత అయ్యాడు. మినియాపొలిస్‌లోనే ఉన్న ట్విన్/టోన్ అనే చిన్న కంపెనీ వారి రికార్డులు వేసింది. 1984లో వచ్చిన 'లెట్ ఇట్ బీ' విమర్శకుల ప్రశంసలు పొందింది. (బీటిల్స్ బృందం ఆల్బం పేరునే ఏ మొహమాటమూ లేకుండా వాడుకున్నారు. వారి స్వభావం ఎలాంటిదో అర్థం కావడానికి ఈ ఒక్కటి చాలు.)

ఇలాంటి బృందాలు శ్రోతలను చేరిన మార్గం మీరు తెలుసుకోవాలి. అమెరికాలో ఎఫ్.ఎం. తరంగాల్లో దాదాపు 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని వ్యాపారేతర, విద్యాసంబంధ కేంద్రాలకు కేటాయించారు. కళాశాలల విద్యార్థులు నడిపే రేడియో కేంద్రాలు ఎక్కువగా అక్కడే ఉండేవి. పాతకాలపు రేడియోలో ముల్లు తిప్పితే ఆ భాగం ఎడమ కొసన వస్తుంది. 'టిమ్'లోని 'లెఫ్ట్ ఆఫ్ ది డయల్' పాట పేరుకు అర్థం అదే. కేంద్రం శక్తి తక్కువ. వ్యానులో ఒక ఊరి నుంచి మరో ఊరికి ప్రయాణించే బృందాలకు ఊరు దాటిన కొద్దిసేపటికే ఆ పాట గరగరలో కలిసిపోతుంది. అదే వృత్తిలో ఉన్న ఒక స్నేహితురాలి గొంతును ఆ ఎడమ కొసన వెతుక్కోవడం ఈ పాటలోని సంగతి. ప్రసార విధానాన్ని గురించిన ప్రభుత్వ నిర్ణయం ఒకటి, మనిషి ఒంటరితనం ఒకటి ఇలా ఒకే పాటలో కలవడం అరుదు. ఆల్బం మొత్తంలో చరిత్ర విద్యార్థికి ఎక్కువ పనికివచ్చే పాట ఇదేనని నా అభిప్రాయం.

1985లో ఈ బృందం వార్నర్ సంస్థకు చెందిన సైర్ కంపెనీలో చేరింది. రమోన్స్, టాకింగ్ హెడ్స్, మడోన్నా రికార్డులు వేసిన కంపెనీ అది. 'టిమ్' వారికి అక్కడ మొదటి ఆల్బం. మినియాపొలిస్‌లోని నికొలెట్ స్టూడియోస్‌లో రికార్డయింది. ప్రొడ్యూసర్ టామీ ఎర్డెలీ. ఈయన రమోన్స్ బృందపు తొలి డ్రమ్మర్. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే మన సినిమా నిర్మాతలాగా డబ్బు పెట్టేవాడు కాదని గమనించండి. రికార్డింగును దగ్గరుండి నడిపించి, ఏది ఎలా వినిపించాలో నిర్ణయించే వ్యక్తి.

మిక్స్ అంటే ఏమిటి?

స్టూడియోలో ఒక్కొక్క వాయిద్యాన్నీ, గొంతునూ వెడల్పాటి టేపు మీద వేర్వేరు వరుసల్లో నమోదు చేస్తారు. వీటిని ట్రాకులంటారు. తరువాత కూర్చుని ఏ ట్రాకు ఎంత గట్టిగా ఉండాలి, ఏది కుడి స్పీకరులో, ఏది ఎడమ స్పీకరులో రావాలి, దేనికి ఎంత ప్రతిధ్వని చేర్చాలి అని నిర్ణయించి, అన్నిటినీ రెండు ట్రాకుల్లోకి దించుతారు. ఈ పనే మిక్స్. కొన్న రికార్డులో మనకు వినిపించేది మిక్స్ మాత్రమే. దాని వెనుక ఉన్న విడి ట్రాకులు కంపెనీ గిడ్డంగిలో ఉండిపోతాయి. తాళపత్రాల భాషలో చెప్పాలంటే, విడి ట్రాకులు మూలప్రతి, మిక్స్ పరిష్కర్త అచ్చువేసిన పాఠం.

1985 పాఠంలో డ్రమ్స్ పలచగా, గది అవతల నుంచి వస్తున్నట్టు ఉంటాయి. బేస్ గిటార్ దాదాపు మునిగిపోతుంది. గొంతు మీద ప్రతిధ్వని పొర ఒకటి ఉంటుంది. అన్నీ మధ్యలో కుక్కినట్టు ఇరుకుగా వినిపిస్తాయి. ఈ బృందాన్ని సారాదుకాణాల వేదికల మీద ప్రత్యక్షంగా విన్నవారికి ఇది కొరతగా తోచింది. 2023లో కొత్త మిక్స్ చేసిన ఎడ్ స్టేసియం ఆ విడి ట్రాకులకు తిరిగి వెళ్ళి, డ్రమ్స్‌ను ముందుకు తెచ్చాడు, బేస్‌ను పైకి లేపాడు, గొంతు మీది పొర తీశాడు. ఆయన బయటివాడేమీ కాదు. 1978లో రమోన్స్ 'రోడ్ టు రూయిన్' ఆల్బంకు ఎర్డెలీ, స్టేసియం కలిసి పనిచేశారు. పాత సహచరుడు చేసిన పనినే ఆయన మళ్ళీ చేశాడన్నమాట. అప్పటికి ఎర్డెలీ లేడు. 2014లో మరణించాడు. తన మిక్స్ అలా ఎందుకు చేశాడో చెప్పడానికి లేని మనిషి మీద తీర్పు వెలువడిందన్న సంగతి మీరు గుర్తుంచుకోవాలి. శాసనం చెక్కిన శిల్పిని కూడా మనం ప్రశ్నించలేము కదా.

నిర్లక్ష్యానికి కారణం శబ్దమేనా?

కొత్త పాఠం విన్న అభిమానుల్లో తరచుగా వినిపించే వాదన ఒకటుంది: 1985లోనే ఇలా వచ్చి ఉంటే 'టిమ్' గొప్పగా అమ్ముడయ్యేదని. జరగనిదాన్ని ఊహించి చేసే ఇలాంటి వాదనలు చరిత్రలో చాలా కనిపిస్తాయి. వీటిని కొట్టిపారేయనక్కరలేదు, కాని ఆధారాలతో తూచాలి.

మొదట, విమర్శకులు ఈ ఆల్బంను గుర్తించలేదన్నది నిజం కాదు. విలేజ్ వాయిస్ పత్రిక ఆ సంవత్సరం విమర్శకుల మధ్య జరిపిన ఓటింగులో 'టిమ్' రెండో స్థానంలో నిలిచింది. పలచటి మిక్స్‌లోంచే వారు ఆ పాటల విలువ పట్టుకున్నారు. కాబట్టి నిర్లక్ష్యం జరిగింది అంగడిలో, వ్యాపార రేడియోలో.

అక్కడ ఏం జరిగిందో చూడండి. 1981లో మొదలైన ఎం.టి.వి. వల్ల, పాటకు దృశ్యరూపం లేకుండా అమ్మకం కష్టమైన కాలమది. 'బాస్టర్డ్స్ ఆఫ్ యంగ్' పాటకు ఈ బృందం ఇచ్చిన వీడియోలో దాదాపు మొత్తం కనిపించేది ఒక స్పీకరు మాత్రమే, అదీ నలుపు తెలుపుల్లో. పక్కన ఎవరో సిగరెట్టు కాలుస్తూ వింటుంటారు. చివర స్పీకరును తన్ని వెళ్ళిపోతారు. 1986 జనవరి 18న 'సాటర్డే నైట్ లైవ్' అనే జాతీయ టెలివిజన్ కార్యక్రమంలో వాయించే అవకాశం వచ్చింది. తాగి వేదికెక్కారు. ప్రత్యక్ష ప్రసారంలో బూతుమాట దొర్లింది. ఆ కార్యక్రమంలో మళ్ళీ అడుగుపెట్టనివ్వలేదు. డ్రమ్స్‌ను ఎంత ముందుకు తెచ్చినా ఈ రెండూ మారవు.

ఇంకా బలమైన సాక్ష్యం 1989లో దొరుకుతుంది. ఆ ఏడాది వచ్చిన 'డోంట్ టెల్ ఎ సోల్' ఆల్బంను రేడియోకు తగ్గట్టు నున్నగా మిక్స్ చేయించారు. పట్టికలో 57వ స్థానం దాకా వెళ్ళింది. 'టిమ్' కంటే మెరుగే, కాని కోరుకున్న విజయం కాదు. పైగా అభిమానులు ఈసారి శబ్దం మరీ నున్నగా ఉందని నొచ్చుకున్నారు. 2019లో దానికీ కొత్త మిక్స్ వచ్చింది, ఆ నునుపును తీసేసి. అంటే ఒక ఆల్బం మసకగా ఉందని, మరొకటి మెరుగు ఎక్కువైందని, రెండింటినీ తిరగరాశారు. రెండు దిద్దుబాట్లలోనూ అభిమానులు వెతికింది ఒక్కటే: నలుగురు ఒకే గదిలో వాయిస్తున్నట్టుండే శబ్దం. అది 1985 నాటి వాస్తవమా, తరువాత ఏర్పడిన జ్ఞాపకమా అన్నది మనం అడగవలసిన ప్రశ్న. బృందం 1991 జులై 4న షికాగోలో చివరి కచేరీ చేసి విడిపోయింది. మూడు నెలలు తిరగకముందే నిర్వాణా 'నెవర్‌మైండ్' వచ్చి, 1992 జనవరిలో పట్టికలో మొదటి స్థానం చేరింది. ఎడమ కొసన వినిపించిన గిటార్ సంగీతం ముల్లు మధ్యకు వచ్చింది. ఆ తరువాత పుట్టిన చెవులతోనే మనం 'టిమ్'ను మళ్ళీ వింటున్నాం. గట్టి డ్రమ్స్ సహజమనీ, పలచటివి లోపమనీ మనకు తోచడంలో ఆ మార్పుకూ భాగముంది.

మీకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో విడుదలైంది. ఘటోత్కచుడి ఆభరణాల రంగు చూసి సంతోషించినవారున్నారు, మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల వెన్నెలే చాలన్నవారున్నారు. సంతోషించడానికి ఎవరికైనా హక్కుంది. కాని 1957 ప్రేక్షకుడి అనుభవం గురించి రాసే విద్యార్థి రంగుల ప్రతిని ఆధారంగా చూపకూడదు. 'టిమ్' విషయంలో కూడా అంతే. 2023 పాఠం 1985లో ఆ గదిలో ఎవరు ఏమి వాయించారో చెప్పడానికి మంచి ఆధారం. 1985లో శ్రోతలు ఏమి విన్నారో చెప్పడానికి పాత పాఠమే ఆధారం. ఈ సంచికను తీసుకువచ్చిన రైనో సంస్థ మెచ్చుకోదగ్గ పని ఒకటి చేసింది. కొత్త మిక్స్‌తో పాటు పాత మిక్స్‌నూ, అలెక్స్ చిల్టన్ ఆధ్వర్యంలో అంతకుముందు జరిగిన ప్రయత్నపు రికార్డింగులనూ, 1986 జనవరిలో షికాగోలో జరిగిన ఒక కచేరీనీ అదే పెట్టెలో ఇచ్చింది. పాఠభేదాలన్నీ ఒకచోట ఇచ్చే పరిష్కర్తను నమ్మవచ్చు.

టేపు మీద లేనివి

1987లో ఈ బృంద సభ్యులు ట్విన్/టోన్ కార్యాలయానికి వెళ్ళి, తమ పాత రికార్డుల మూలాలని నమ్మిన టేపులు తీసుకుని మిసిసిపీ నదిలో పారేశారు. మన ఆధారాలు కొన్నిసార్లు వాటిని తయారుచేసినవారి చేతుల్లోనే పోతాయి. 'టిమ్' ట్రాకులు పెద్ద కంపెనీ గిడ్డంగిలో ఉండబట్టి మిగిలాయి. ఆ కంపెనీల మీద వారికి ఎంత కోపమున్నా, ఇది వాస్తవం.

కొత్త పాఠం ఇవ్వలేనిది ఒకటుంది. బృందాన్ని మొదలుపెట్టిన బాబ్ స్టిన్సన్ 'టిమ్' నాటికి తాగుడులో కూరుకుపోయి, రికార్డింగుకు సరిగా వచ్చేవాడు కాదు. గిటార్ పని చాలావరకు వెస్టర్‌బర్గే చేశాడు. మరుసటి ఏడాది బాబ్‌ను బృందం నుంచి తప్పించారు. తమ్ముడు అందులోనే ఉండిపోయాడు. 1995 ఫిబ్రవరిలో, 35 ఏళ్ళ వయసులో, బాబ్ మరణించాడు. మిక్స్ ఉన్నదాన్ని పైకి తేగలదు, మునిగిన బేస్‌ను లేపగలదు. వాయించని గిటార్‌ను తేలేదు. 'టిమ్'లో అతని లేమి కూడా 1985 గురించిన సాక్ష్యమే. కొత్త పాఠంలో మిగతావారు స్పష్టమైన కొద్దీ ఆ లేమి మరింత తెలుస్తుంది.

తరువాతి పాఠానికి వెళ్ళేముందు ఈ అభ్యాసం చేయండి. 'లెఫ్ట్ ఆఫ్ ది డయల్' పాటను రెండు పాఠాల్లోనూ వినండి. ముందు 1985 పాఠాన్ని చిన్న స్పీకరు మీద, శబ్దం తగ్గించి వినండి. తరువాత 2023 పాఠాన్ని మంచి హెడ్‌ఫోన్లతో వినండి. రెండోదాంట్లో కొత్తగా వినిపించినవి ఒక కాగితం మీద రాసుకుని, మళ్ళీ మొదటిదానికి వెళ్ళి, వాటిలో ఏవి అక్కడ అప్పటికే వినిపిస్తున్నాయో గుర్తించండి.