పాత క్విలియం, కొత్త క్విలియం

1896లో లివర్‌పూల్ నుంచి ఒక ఫత్వా వెలువడింది. బ్రిటిష్ సేన సూడాన్ మీదికి వెళ్తున్న రోజులు. ఆ సేన తరఫున ఏ ముస్లిమూ తోటి ముస్లింల మీద ఆయుధం ఎత్తకూడదని దాని సారాంశం. రాసింది అబ్దుల్లా క్విలియం. ఆంగ్లేయుడు, వృత్తిరీత్యా లాయరు. ఇస్లాం స్వీకరించి ఆ ఊళ్లోనే మసీదు పెట్టాడు. బ్రిటిష్ దీవుల షేక్-ఉల్-ఇస్లాం అన్న బిరుదు ఆయనకిచ్చింది ఒట్టోమన్ సుల్తాను. అంటే ఈయన వెనకా ఒక సర్కారుంది. కాకపోతే అది లండన్‌ది కాదు.

సరిగ్గా ఆ పేరే పెట్టుకుని 2008లో లండన్‌లో క్విలియం ఫౌండేషన్ మొదలైంది. స్థాపకుల్లో మాజిద్ నవాజ్, ఎడ్ హుసేన్ ఒకప్పుడు హిజ్బుత్ తహ్రీర్‌లో తిరిగినవాళ్లే. నవాజ్ అయితే ఆ సంస్థ కారణంగా ఈజిప్టు జైల్లో దాదాపు నాలుగేళ్లు గడిపాడు. తీవ్రవాదం కుర్రాళ్ల బుర్రకెలా ఎక్కుతుందో లోపల్నుంచి తెలిసినవాళ్లు. 2005 లండన్ బాంబు దాడుల తర్వాత ఇలాంటి గొంతులు అవసరమే. ‘ప్రివెంట్’ కార్యక్రమం కింద ప్రభుత్వం డబ్బిచ్చింది. అది అందరికీ తెలిసిన సంగతే.

సాహిత్యం చదివేవాళ్లకి ఇక్కడ ‘ఎన్‌కౌంటర్’ గుర్తు రావాలి. 1953లో లండన్‌లో మొదలైన ఆ పత్రిక వెనక సీఐఏ డబ్బుందని 1967లో బయటపడితే, సంపాదకుడు స్టీఫెన్ స్పెండర్ రాజీనామా చేశాడు. అక్కడ దాచింది డబ్బుని. క్విలియం దాచింది సలహాని. 2010లో ఆ సంస్థ హోం శాఖ ఉగ్రవాద నిరోధక విభాగాధిపతికి గుట్టుగా ఒక పత్రం పంపింది. హింసకి దూరంగా ఉండే కొన్ని ముస్లిం సంస్థల భావజాలం కూడా హింసావాదులదేనని, పేర్లతో సహా. అది కాస్తా పత్రికలకెక్కింది.

ఆ వాదన తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నలుగురిలో చెప్పి ఉంటే అవతలివాళ్లు జవాబిచ్చేవాళ్లు. సర్కారు చెవిలో చెప్పేసరికి అది చాడీ అయిపోయింది. 2011లో ప్రభుత్వ డబ్బు ఆగింది. 2021లో, కోవిడ్ కష్టాల వల్లనంటూ, సంస్థే మూతపడింది.

నన్ను వేధించేది ఆ సంస్థ గతి కాదు. తీవ్రవాద ముఠాలో సగం దిగి, వెనక్కి రావాలనుకునే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? తను నోరు విప్పితే ఆ మాట ఎక్కడికి చేరుతుందో అతనికి తెలియాలి కదా! పాత క్విలియం తను అనదల్చుకున్నది తన పత్రికలోనే అచ్చేశాడు, తన పేరుతో. రాజభక్తి లేనివాడని తిట్లూ తిన్నాడు. కొత్త క్విలియం ఆయన పేరు తీసుకుంది గానీ, ఆ అలవాటు మాత్రం తీసుకోలేదు.