అటక దిగి డాబా ఎక్కిన సామాను: 1964 విశాఖ జ్వరం నేర్పిన ఉగాది పాఠం

ఉగాది సమీపించగానే తెలుగింట మొదట జరిగే పని ఇల్లు దులపడం. బూజుకర్ర బయటికి వస్తుంది. అటక మీది సామాను కిందికి దిగుతుంది. గోడలకు సున్నమో రంగో పడుతుంది. గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకుల తోరణం చేరేసరికి ఇల్లు కొత్తదిగా కనిపిస్తుంది. విశాఖపట్నంలో మీరు పాతనగరపు ఇరుకు వీధిలో ఉన్నా, గాజువాక పక్కన ఉక్కు కార్మికుల కాలనీలో ఉన్నా ఈ దృశ్యం మీకు పరిచితమే.

పని ముగిశాక ఒక్కసారి మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి చూడండి. అటక దిగిన సామానులో సగం అక్కడే ఉంటుంది. పిడి విరిగిన బకెట్టు, పని చేయని కూలరు, అరిగిపోయిన టైరు, మొక్క ఎండిపోయిన కుండీ, ఎప్పటికైనా పనికి వస్తాయని దాచిన రంగు డబ్బాలు. అవి గదుల్లోంచి వెళ్ళాయే గాని ఇంటి నుంచి వెళ్ళలేదు. ఈ రెండింటికీ తేడా ఎంత ఉందో తెలుసుకోవాలంటే మన నగరపు వైద్య చరిత్రలో ఒక పుట తిప్పాలి. అది 1964 నాటి పుట.

ఆ ఏడాది విశాఖలో

అప్పటికి విశాఖ వేగంగా పెరుగుతున్న పట్టణం. 1933లో రేవు ప్రారంభమైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1951 జనాభా లెక్కల్లో లక్ష దాటిన ఊరు, 1961 నాటికి లక్షా ఎనభై వేలు దాటింది. పని వెతుక్కుంటూ పల్లెల నుంచి వచ్చినవారు కొండవాలుల్లోనూ రేవు చుట్టుపక్కలా కాపురాలు పెట్టారు. ఇంటింటికీ కుళాయి లేని రోజులవి. నీరు వచ్చినప్పుడు పట్టి దాచుకోవడమే గృహిణికి తెలిసిన ఉపాయం. పెరట్లో గోలెం, వంటింట్లో గాబు, స్నానాల దొడ్డిలో సిమెంటు తొట్టి ఉండేవి.

1963లో కలకత్తాలో పెద్ద జ్వర ఉపద్రవం తలెత్తింది. డెంగీ, చికున్‌గున్యా అనే రెండు వైరస్‌లు అక్కడ వ్యాపించినట్లు తేలింది. మరుసటి ఏడాది తూర్పు తీరంలో మన విశాఖలో అలాంటి జ్వరమే వ్యాపించింది. ఉన్నట్టుండి కాచే జ్వరం, కనుగుడ్ల వెనుక నొప్పి, ఎముకలు విరిచినట్లుండే ఒంటి నొప్పులు, కొందరికి ఒంటిమీద దద్దురు: ఇవీ ఆ జాతి జ్వరాల గుర్తులు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రానికి చెందిన శాస్త్రజ్ఞులు ఆ ఉపద్రవంపై వైరస్, రక్త పరీక్షలు జరిపారు. వాటి ఫలితాలు 1965లో భారతీయ వైద్య పరిశోధన పత్రికలో వెలువడ్డాయి. రోగలక్షణాలను వివరించే మరొక వ్యాసం కూడా అదే ఏడాది అదే పత్రికలో వచ్చింది. దేశంలో డెంగీ చరిత్రను ఎవరు రాసినా, ప్రయోగశాలలో పరిశీలించిన తొలి ఉపద్రవాల వరుసలో విశాఖను చేర్చక తప్పదు.

అది అక్కడితో ఆగలేదు. 1965లో చికున్‌గున్యా విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి పట్టణాల్లో కనిపించింది. ఈనాటిలా గంటలో ఫలితం చెప్పే పరీక్షలు ఆనాడు లేవు. రోగి రక్తాన్ని మంచులో పెట్టి దూరాన ఉన్న ప్రయోగశాలకు పంపాలి. అక్కడ చంటి ఎలుకపిల్లల్లో వైరస్‌ను పెంచి గుర్తించాలి. జవాబు వచ్చేసరికి రోగి కోలుకోవడమో మరొకటో జరిగిపోయేది.

ఓడ దిగిన దోమ

ఈ రెండు జ్వరాలనూ మనిషి నుంచి మనిషికి చేరవేసేది ఈడిస్ ఈజిప్టై అనే దోమ. నల్లని ఒంటిపై తెల్లని చారలుంటాయి. దీని పుట్టిల్లు ఆఫ్రికా. తెరచాప ఓడల్లో ప్రయాణికుల కోసం నింపుకున్న మంచినీటి పీపాలలో పెరుగుతూ ఖండాలు దాటింది. రేవు పట్టణాలే దానికి తొలి మజిలీలు. ఓడ పీపాలో బతకడం నేర్చిన దోమకు మన ఇంటి గోలెం పరాయిది కాదు.

ఇక్కడే ఉత్తరాంధ్ర వాసులమైన మనం తరతరాలుగా పొరబడుతున్నాం. మనకు దోమ అనగానే మురుగు కాలువ గుర్తుకు వస్తుంది. అందుకు కారణం ఉంది. ఈ తీరంలో బోదకాలు వ్యాధి చాలాకాలం వేధించింది. దాన్ని మోసే క్యూలెక్స్ దోమ నిజంగానే మురుగులో పెరుగుతుంది. ఈడిస్ అలా కాదు. దానికి శుభ్రమైన నిలవ నీరు కావాలి. అదీ పాత్రలో నిలిచిన నీరు కావాలి. కొబ్బరిచిప్పలో పట్టే నీరు చాలు. ఇంటి ముందు కాలువను అద్దంలా ఉంచి, డాబా మీద టైరును వదిలేసినవారు ఒక దోమను తరిమి మరొక దోమకు విడిది ఏర్పాటు చేసినవారవుతారు.

హవానా నగరం నేర్చుకున్నది

ఈ పొరపాటు మనకొక్కరికే పరిమితం కాదు. 1898 యుద్ధం తరువాత క్యూబా రాజధాని హవానా అమెరికా సైన్యం చేతిలోకి వచ్చింది. అక్కడ పచ్చజ్వరం విపరీతంగా ఉండేది. దానిని మోసేది కూడా ఈ ఈడిస్ దోమే. సైనిక వైద్యుడు విలియం గోర్గస్ నగరమంతా కడిగించాడు. వీధులు ఊడిపించాడు, చెత్త ఎత్తించాడు, మరుగుదొడ్లు బాగు చేయించాడు. నగరం అందంగా మారింది. పచ్చజ్వరం మాత్రం తగ్గలేదు. 1900లో మరింత పెరిగింది.

దోమే ఈ వ్యాధికి వాహకమని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు. ఎవరూ వినలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం ప్రయోగాలతో దానిని రుజువు చేశాక గోర్గస్ పద్ధతి మార్చాడు. 1901లో ఇంటింటికీ తనిఖీదారులను పంపాడు. నీటి పీపాలకు మూతలు పెట్టించాడు, మూయలేని వాటిలో నూనె పోయించాడు, పనికిరాని డబ్బాలను ఎత్తించాడు. కొన్ని నెలల్లోనే పచ్చజ్వరం హవానాను విడిచిపోయింది. మొదటిసారి చేసినది కంటికి కనిపించే శుభ్రత. రెండోసారి చేసినది నీరు నిలవనీయని శుభ్రత. మన ఉగాది ఇల్లు సర్దుడు వీటిలో ఏ కోవకు చెందినదో మీరే ఆలోచించండి.

పాత సామాను మారింది, అలవాటు మారలేదు

మన పెద్దల కాలంలో ఇంటి నుంచి బయటపడిన పాతవి ఏమిటి? చిరిగిన చాపలు, అరిగిన చీపుళ్ళు, పుచ్చిన కర్రలు, విరిగిన చేటలు. సంక్రాంతి ముందు భోగిమంటలో అవి బూడిదయ్యేవి. మిగిలినవి పెంటకుప్పలో ఎరువయ్యేవి. పగిలిన కుండ పెంకులో నీరు నిలిచేదన్నమాట నిజమే గాని, కొంతకాలానికి అదీ మట్టిలో కలిసేది. రేకు డబ్బా, రబ్బరు టైరు, ప్లాస్టిక్ ఇంట చేరిన తరువాత పరిస్థితి తలకిందులైంది. ఇవి కుళ్ళవు, కరగవు. వీటిని భోగిమంటలో వేయరాదు; ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. కాల్చలేక, పారవేయ మనసు రాక, డాబా ఎక్కించడం మనకు అలవాటయింది.

టైరు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లోపలివైపు వంపులో చేరిన నీరు ఎటు తిప్పినా పూర్తిగా బయటికి రాదు, ఎండ తగలదు. ఈడిస్ జాతికే చెందిన ఆసియా పులిదోమ 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడినట్లు కనుగొన్నారు. ఆసియా నుంచి ఓడల్లో దిగుమతి అయిన పాత టైర్లే దానికి వాహనాలయ్యాయి. పూర్వం నీటి పీపా చేసిన పనిని ఈ కాలంలో టైరు చేస్తోంది.

ఇక ఉగాదికీ వానలకీ నడుమనున్న కాలాన్ని గమనించండి. చైత్రంలో మనం సామాను డాబా ఎక్కిస్తాం. నైరుతి వానలు మన తీరానికి చేరేది జూన్ నడిమికి. ఈ రెండున్నర, మూడు నెలల మండుటెండలో దోమ నశించి ఉంటుందని అనుకుంటాం. ఈడిస్ దోమ గుడ్లను నీటి మీద పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన పాత్ర గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతుకుతాయి. నిరుడు వాననీటిలో తడిసిన డబ్బాను మీరు ఉగాదికి ఒంపి బోర్లించకుండా పక్కన పెడితే, తొలకరి జల్లు పడగానే ఆ గుడ్లు పొదుగుతాయి. అనుకూలమైన వేడిలో వారం పది రోజుల్లో దోమలు ఎగురుతాయి. శ్రావణ భాద్రపదాల్లో మంచం పట్టించే జ్వరానికి విత్తనం కొన్ని ఇళ్ళలో చైత్రంలోనే దాగి ఉంటుంది.

1965 తరువాత కొన్నేళ్ళకు చికున్‌గున్యా దేశంలో కనుమరుగైంది. వైద్య విద్యార్థులు దానిని పుస్తకంలో మాత్రమే చదివే స్థితి వచ్చింది. 2005 చివర, 2006లో అది తిరిగి వచ్చినప్పుడు మొదట దెబ్బతిన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మూడు దశాబ్దాలకు పైగా మనం మరచినా దోమ మనలను మరువలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి విద్యుత్తు, కుళాయి నీరు లేక దొరికిన ప్రతి పాత్రలోనూ నీరు నింపుకున్నాం. మన డాబాల మీది రేకులు, డబ్బాలు ఎక్కడెక్కడికో ఎగిరిపోవడం కూడా ఆనాడు చూశాం. ఎవరి తుక్కు వారి హద్దుల్లోనే ఉంటుందన్న నమ్మకం ఆ గాలికే కొట్టుకుపోయింది.

ఈ ఉగాదికి ఏం చేయాలి?

సామానును మూడు వాటాలు చేయండి. వాడేవి, ఇతరులకు పనికి వచ్చేవి, ఎవరికీ పనికిరానివి. మూడో వాటాను ఆ రోజే ఇల్లు దాటించండి. డాబా, పెరడు, మెట్ల కింది గూడు మజిలీలు కారాదు. ఇనుము, రేకు, ప్లాస్టిక్ పాత సామాను కొనేవారికి ఇవ్వండి. ఉక్కు నగరవాసులకు వేరే చెప్పాలా? తుక్కు ఇనుము కొలిమిలో కరిగితే మళ్ళీ ఉక్కే అవుతుంది. డాబా మీద ఉంటే తుప్పు పడుతుంది, దోమను పెంచుతుంది.

ఉంచుకునే తొట్టెలను, కూలర్లను, కుండీల కింది పళ్ళేలను ఒంపితే చాలదు. గోడకు అంటిన గుడ్లు పోవడానికి లోపలి అంచులను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది కడిగి, ఎండబెట్టి, బోర్లించండి. డాబా మీది నీటి ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో ఎక్కి చూడండి. గదుల్లో కొక్కేలకు వేలాడే బట్టల గుట్టలను, మంచం కింది అట్టపెట్టెలను తీసివేయండి. పగలు కుట్టే ఈ దోమ విశ్రాంతి తీసుకునేది అలాంటి చీకటి మూలల్లోనే. ఆపై వారానికి ఒక రోజు నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టండి. ఆరోగ్య శాఖ శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమనేది ఇందుకే. గుడ్డు దోమగా మారే లోపే ఆ గొలుసు తెగుతుంది.

ఈ దోమ సాధారణంగా పుట్టిన చోటికి కొద్ది వందల మీటర్ల లోపే తిరుగుతుంది. కాబట్టి మీ ఇంటి జ్వరం మీ ఇంట్లోనో పొరుగింట్లోనో పుట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఉగాది పచ్చడి ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పక్కింటివారితో డాబా సంగతి కూడా ఒక మాట అనండి. ఖాళీ ఫ్లాటుకు తాళం వేసి ఊరు వెళ్ళినవారు ఉంటే వారికీ కబురు పంపండి.

ఇన్ని చేసినా జ్వరం వస్తే, వానాకాలంలో దానిని తేలికగా తీసుకోవద్దు. ద్రవపదార్థాలు బాగా ఇవ్వండి. వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా వాడరాదు, అవి రక్తస్రావానికి దారితీయవచ్చు. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, విపరీతమైన మగత కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి చేరండి.

1964లో మన ఊరివారికి ఆ జ్వరం ఎందుకు వచ్చిందో పండుగ నాటికి తెలియదు. మనకు తెలుసు. తెలిసి కూడా డబ్బాను డాబా ఎక్కిస్తే ఆ తప్పు దోమది కాదు. ఈ ఉగాదికి పంచాంగ శ్రవణానికి కూర్చునే ముందు ఒకసారి మేడ మెట్లు ఎక్కి రండి. వచ్చే వానాకాలం మీ ఇంటికి ఎలా ఉండబోతుందో అక్కడ కొంత వరకు మీరే చదువుకోవచ్చు.