జర్మానిక్ భాషా సాహిత్యాల స్నాతకోత్తర విద్య: ప్రవేశార్హతల చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• జర్మానిక్ భాషా సాహిత్యాల అధ్యయనం విశ్వవిద్యాలయాలలో ఎలా స్థిరపడిందో వివరించగలుగుతారు.
• ఈ విషయంలో ఉన్నత విద్యకు కావలసిన అర్హతలు 1788 నుండి నేటి వరకు ఎలా మారాయో తెలుసుకుంటారు.
• ప్రవేశ నిబంధనలను చారిత్రక ఆధారాలుగా చదవడం అలవరచుకుంటారు.

1.1 పరిచయం

విశ్వవిద్యాలయం ఎం.ఏ. ప్రవేశాల ప్రకటన ఇచ్చినప్పుడు మనం ముందుగా చూసేది అర్హతల పట్టిక. ఏ డిగ్రీ ఉండాలి, ఎన్ని మార్కులు రావాలి, ఏ భాష వచ్చి ఉండాలి అని చూసుకుంటాం. మనకు వర్తిస్తే దరఖాస్తు చేస్తాం, లేకపోతే ఊరుకుంటాం. చరిత్ర విద్యార్థి ఆ పట్టికను మరొక విధంగా కూడా చదవాలి. శాసనాలు, పన్నుల లెక్కలు ఒక కాలపు సమాజాన్ని ఎలా తెలుపుతాయో, ప్రవేశ నిబంధనలు కూడా అలాగే తెలుపుతాయి. చదువు ఎవరి కోసమని ఆ కాలం భావించిందో, ఎవరిని గుమ్మం బయటే ఆపిందో వాటిలో కనిపిస్తుంది.

ఇందుకు ఈ పాఠంలో జర్మానిక్ భాషా సాహిత్యాల అధ్యయనాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ద్రావిడ కుటుంబానికి చెందినట్లే జర్మన్, ఇంగ్లీషు, డచ్, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్, ఐస్లాండిక్, యిడ్డిష్ మొదలైనవి జర్మానిక్ కుటుంబానికి చెందినవి. ఈ అధ్యయనానికి జర్మనీయే పుట్టినిల్లు కాబట్టి మన చర్చ ప్రధానంగా ఆ దేశం చుట్టూ సాగుతుంది. మధ్యలో అమెరికా ప్రస్తావన వస్తుంది. అగాథె లాష్ అనే పండితురాలి జీవితాన్ని పలుచోట్ల గుర్తు చేసుకుంటాం. ఎందుకంటే ఆ కాలపు ప్రవేశ నిబంధనలలో చాలావాటిని ఆమె స్వయంగా ఎదుర్కొన్నది.

1.2 విషయం పుట్టుక: పట్టా లేని గురువులు

1810 లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. ఆ సంవత్సరమే ఫ్రీడ్రిష్ హైన్‌రిష్ ఫాన్ డెర్ హాగెన్‌ను జర్మన్ భాషా సాహిత్యాల బోధనకు ఆచార్యునిగా నియమించారు. ఆయన చదివినది న్యాయశాస్త్రం. ఈ అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది వేసిన యాకోబ్ గ్రిమ్ కూడా న్యాయశాస్త్ర విద్యార్థియే. ప్రాచీన కావ్యాల పాఠాలను పరిష్కరించిన కార్ల్ లాఖ్‌మాన్ గ్రీకు, లాటిన్ సాహిత్యాలలో శిక్షణ పొందినవాడు. జర్మన్ సాహిత్యంలో ముందుగా పట్టా పొంది ఈ రంగంలోకి రావడం ఆ తొలి తరానికి సాధ్యమే కాదు. అటువంటి పట్టా అప్పటికి లేదు.

గ్రిమ్ రాసిన జర్మన్ వ్యాకరణం మొదటి సంపుటం 1819 లో వెలువడింది. 1822 నాటి రెండవ ముద్రణలో ఆయన ధ్వని పరిణామ సూత్రాన్ని వివరించాడు. సంస్కృతంలో 'పితృ', లాటిన్‌లో 'పాతెర్' అనే మాటలలోని 'ప'కారం జర్మానిక్ భాషలలో 'ఫ'కారంగా మారింది. ఇంగ్లీషు 'ఫాదర్', జర్మన్ 'ఫాటర్' ఇందుకు ఉదాహరణలు. ఇటువంటి పోలికలు చూడాలంటే ప్రాచీన భాషలు తెలిసి ఉండాలి. అందువల్ల ఈ విషయం చదవగోరేవారికి లాటిన్, గ్రీకు రావాలనే అభిప్రాయానికి ఒక శాస్త్రీయ కారణం ఉంది. అయితే ఆ నిబంధన వెనుక ఉన్నది శాస్త్రీయ కారణం ఒక్కటే కాదని తరువాతి చరిత్ర చెబుతుంది.

1.3 అబిటూర్: లాటిన్ గడప

పాఠశాల విద్య ముగింపులో రాసే పరీక్షను జర్మనీలో 'అబిటూర్' అంటారు. ప్రష్యా ప్రభుత్వం దీనిని 1788 లో ప్రవేశపెట్టింది. మొదట్లో ఈ పరీక్ష తప్పినవారు కూడా విశ్వవిద్యాలయంలో చేరగలిగేవారు. 1834 నుండి మాత్రం చేరడానికి అబిటూర్ తప్పనిసరి అయింది.

ఈ మార్పుకు రెండు ముఖాలున్నాయి. పుట్టుక, పలుకుబడి చూసి సీటు ఇచ్చే పద్ధతికి బదులు పరీక్షలో చూపిన యోగ్యత ప్రమాణమైంది. ఇది ముందడుగు. కాని ఆ పరీక్షకు సిద్ధం చేసేది 'గిమ్నాజియం' అనే పాఠశాల. అక్కడ లాటిన్, గ్రీకు భాషలకే అధిక సమయం కేటాయించేవారు. అన్నేళ్లపాటు పిల్లవాడిని పనిలో పెట్టకుండా చదివించగల కుటుంబాలకే ఆ చదువు అందేది. ఆధునిక భాషలు, విజ్ఞాన శాస్త్రాలు బోధించే ఇతర ఉన్నత పాఠశాలలకు గిమ్నాజియంతో సమాన హోదా 1900 లో గాని లభించలేదు.

ప్రష్యాలో 1810 నుండి ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు రాష్ట్ర పరీక్ష కూడా పెట్టారు. జర్మన్ సాహిత్యం చదివినవారిలో ఎక్కువమంది చివరకు ఉపాధ్యాయులయ్యేవారు. కాబట్టి విశ్వవిద్యాలయంలో ఎవరు చేరగలరనే ప్రశ్న, బడిలో ఎవరు పాఠం చెప్పగలరనే ప్రశ్నతో ముడిపడి ఉండేది.

1.4 స్త్రీలు: అర్హత ఉన్నా అనుమతి లేదు

గిమ్నాజియంలు మగపిల్లల కోసమే ఉండేవి. బాలికలకు అబిటూర్ రాసే దారి లేదు. అబిటూర్ లేనిదే విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. స్త్రీలను నిషేధిస్తున్నామని వేరే చట్టం చేయనవసరం లేకుండానే నిబంధన ఆ పని చేసింది. విద్యాసంస్కర్త హెలెనె లాంగె బెర్లిన్‌లో బాలికలను ఈ పరీక్షకు సిద్ధం చేసే తరగతులు నడిపింది. 1896 లో ఆమె విద్యార్థినులు ఆరుగురు అబిటూర్‌లో ఉత్తీర్ణులయ్యారు.

విశ్వవిద్యాలయాల తలుపులు ఒక్కసారిగా తెరుచుకోలేదు. స్త్రీలను పూర్తి స్థాయి విద్యార్థులుగా బాడెన్ రాష్ట్రం 1900 లో, ప్రష్యా 1908 లో చేర్చుకున్నాయి. అంతకు ముందు చదువుకోదలచిన జర్మన్ స్త్రీలు స్విట్జర్లాండ్‌కు వెళ్లేవారు. తరువాత ప్రసిద్ధ రచయిత్రి అయిన రికార్డా హూఖ్ జ్యూరిక్‌లో చరిత్ర చదివి 1892 లో డాక్టరేటు పొందింది.

1879 లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టిన అగాథె లాష్ ముందుగా బడిపంతులమ్మగా పనిచేసింది. 27 ఏళ్లు వచ్చేసరికి, 1906 లో అబిటూర్ పూర్తి చేసింది. ఆమె ఊరు బెర్లిన్ ప్రష్యాలోనిది. అందువల్ల బాడెన్ రాష్ట్రంలోని హైడెల్‌బర్గ్‌కు వెళ్లి చదివి, 1909 లో డాక్టరేటు పొందింది. బెర్లిన్ నగర లిఖిత భాష చరిత్రపై ఆమె గ్రంథం 1910 లో వచ్చింది. అంటే బెర్లిన్ భాషా చరిత్ర రాసిన బెర్లిన్ వనిత డాక్టరేటును మరొక రాష్ట్రంలో సంపాదించుకోవలసి వచ్చింది. 1908 తరువాత కూడా ప్రష్యాలో ఒక వెసులుబాటు మిగిలింది. మంత్రిత్వ శాఖ ఆమోదంతో ఆచార్యులు తమ ఉపన్యాసాలకు స్త్రీలను రానివ్వకుండా ఉండవచ్చు. బెర్లిన్‌లో జర్మన్ సాహిత్యం బోధించిన గుస్తావ్ రోటె తన తరగతులకు స్త్రీలను రానివ్వని ఆచార్యులలో ఒకడు.

1.5 అమెరికా: యుద్ధం మార్చిన పునాది

హార్వర్డ్‌లో 1825 లో కార్ల్ ఫోలెన్ జర్మన్ బోధన మొదలుపెట్టాడు. 1876 లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం జర్మన్ పరిశోధన విధానాన్ని ఆదర్శంగా తీసుకుంది. ఆ తరువాత అమెరికాలో ఏ విషయంలో డాక్టరేటు చేయాలన్నా జర్మన్, ఫ్రెంచి చదివి అర్థం చేసుకోగలగాలనే నిబంధన విస్తృతంగా వ్యాపించింది. 'జర్మానిక్ భాషా సాహిత్యాలు' అనే పేరుతో అక్కడ ప్రత్యేక శాఖలు ఏర్పడ్డాయి. అగాథె లాష్ 1910 నుండి 1916 వరకు పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలలో బోధించింది. మధ్యకాలపు ఉత్తర జర్మన్ భాషకు ఆమె రాసిన వ్యాకరణం 1914 లో వెలువడింది.

1917 లో అమెరికా జర్మనీపై యుద్ధానికి దిగింది. జర్మన్ శత్రువు భాష అయింది. 1915 లో అమెరికా ఉన్నత పాఠశాలల విద్యార్థులలో దాదాపు 24 శాతం మంది జర్మన్ చదివేవారు. 1922 నాటికి వారు 1 శాతం కంటే తగ్గిపోయారు. నెబ్రాస్కా రాష్ట్రం 1919 లో చిన్న పిల్లలకు పరభాషలు బోధించడాన్ని నిషేధించింది. 1923 లో అమెరికా సుప్రీం కోర్టు 'మేయర్ వర్సెస్ నెబ్రాస్కా' కేసులో ఆ చట్టాన్ని కొట్టివేసింది. కాని పాఠశాలలలో జర్మన్ మునుపటి స్థితికి రాలేదు. ఎం.ఏ.కు కావలసిన భాషాజ్ఞానం బడిలోనే మొదలవ్వాలి. బడిలో భాష పోతే అర్హత కాగితంపై మిగులుతుంది గాని ఆ అర్హత గలవారు తగ్గిపోతారు.

1.6 1933: అర్హత స్థానంలో పుట్టుక

నాజీలు అధికారంలోకి వచ్చిన కొద్ది నెలలకే, 1933 ఏప్రిల్ 25 న, పాఠశాలలలోను విశ్వవిద్యాలయాలలోను రద్దీని అరికట్టే చట్టం చేశారు. పేరు చూస్తే పాలనాపరమైన సర్దుబాటులా ఉంటుంది. అసలు ఉద్దేశం యూదుల ప్రవేశాన్ని తగ్గించడం. కొత్తగా చేరేవారిలో 'ఆర్యేతరులు' 1.5 శాతానికి మించరాదని నిర్ణయించారు. అదే ఏడాది డిసెంబరులో, 1934 లో విశ్వవిద్యాలయ ప్రవేశాలకు అనుమతి పొందేవారిలో స్త్రీలు 10 శాతానికి మించరాదని ఉత్తర్వు ఇచ్చారు. 1938 చివరికి యూదు విద్యార్థులకు విశ్వవిద్యాలయాలు పూర్తిగా మూసుకుపోయాయి.

అగాథె లాష్ 1923 లో హాంబర్గ్‌లో ఆచార్య హోదా పొందింది. జర్మనీలో ఈ రంగంలో ఆ హోదా పొందిన తొలి మహిళ ఆమె. యూదురాలనే కారణంతో 1934 లో ఆమెను ఉద్యోగం నుండి తొలగించారు. 1942 ఆగస్టులో బెర్లిన్ నుండి రీగాకు తరలించి చంపివేశారు. జర్మన్ భాష చరిత్రను ఆమె కంటే బాగా తెలిసినవారు ఆ దేశంలో ఎందరో లేరు. యోగ్యతను కొలవడానికి పెట్టిన నిబంధన స్థానంలో పుట్టుకను కొలిచే నిబంధన వస్తే ఏమవుతుందో ఈ ఉదంతం తెలుపుతుంది.

1.7 యుద్ధానంతరం: రెండు జర్మనీలు

తూర్పు జర్మనీ 1949 లో విశ్వవిద్యాలయాలలో 'కార్మిక కర్షక విభాగాలు' ఏర్పాటు చేసింది. బడి మానేసి పనిలో చేరినవారిని ఇవి అబిటూర్ స్థాయికి సిద్ధం చేసేవి. ఎలక్ట్రీషియన్ పని నేర్చిన హెర్మాన్ కాంట్ గ్రైఫ్స్‌వాల్డ్‌లోని అటువంటి విభాగంలో చదివి, తరువాత బెర్లిన్‌లో జర్మన్ సాహిత్యం అభ్యసించి నవలాకారుడయ్యాడు. అయితే అదే ప్రభుత్వం రాజకీయంగా తనకు నచ్చని కుటుంబాల పిల్లలకు, మత విశ్వాసం వదలని యువకులకు ప్రవేశాలలో అడ్డంకులు కల్పించింది. ఒకరికి తెరిచిన తలుపు మరొకరికి మూసింది.

పశ్చిమ జర్మనీలో 'మాగిస్టర్' పట్టా వ్యాప్తిలోకి వచ్చింది. ఇది బి.ఏ., ఎం.ఏ.లుగా విడదీయని దీర్ఘకాలిక కోర్సు. అబిటూర్ ఉంటే నేరుగా చేరవచ్చు. కాని జర్మన్ సాహిత్యానికి చాలా విశ్వవిద్యాలయాలు లాటిన్ జ్ఞానాన్ని తెలిపే ధ్రువపత్రం అడుగుతూనే వచ్చాయి.

1.8 బొలోన్యా తరువాత: నేటి అర్హతలు

1999 జూన్‌లో ఇటలీలోని బొలోన్యా నగరంలో 29 ఐరోపా దేశాలు ఉన్నత విద్యను ఒకే నమూనాలోకి తెచ్చే ప్రకటనపై సంతకం చేశాయి. దానితో మాగిస్టర్ స్థానంలో బ్యాచిలర్, మాస్టర్ అనే రెండు దశలు వచ్చాయి. రెండు దశలకు కలిపి సాధారణంగా 300 క్రెడిట్లు ఉంటాయి. మాస్టర్‌కు విడిగా ప్రవేశార్హతలు అవసరమైనది ఇప్పుడే. నేడు సాధారణంగా అడిగేవి ఇవి:

• జర్మన్ సాహిత్యంలో గాని, దగ్గరి విషయంలో గాని బ్యాచిలర్ పట్టా, ఆ విషయంలో నిర్ణీత క్రెడిట్లు.
• విదేశీ విద్యార్థులకు ఉన్నత స్థాయి జర్మన్ జ్ఞానం. ఐరోపా భాషా ప్రమాణాలు 2001 లో ఎ1 నుండి సి2 వరకు ఆరు స్థాయిలు నిర్ణయించాయి. సాహిత్య కోర్సులకు తరచుగా సి1 స్థాయి కోరతారు. 'టెస్ట్‌డాఫ్' వంటి పరీక్షలు ఇందుకు ఉపయోగపడతాయి.
• కొన్నిచోట్ల ఆసక్తిని వివరించే లేఖ. అమెరికా శాఖలలో సిఫారసు లేఖలు, రచనా నమూనా కూడా అడుగుతారు.

భారతీయ విద్యార్థులకు మరొక నియమం ఉంది. 2022 నవంబరు 1 నుండి, జర్మనీలో చదువుకు వీసా కోరేవారు సాధారణంగా ఏపీఎస్ ధ్రువపత్రం పొందాలి. వారి పట్టాలు నిజమైనవేనని నిర్ధారించే పత్రం ఇది. మన ప్రాంతంలో హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం జర్మన్‌ను స్నాతకోత్తర స్థాయి వరకు బోధిస్తోంది. 1958 లో ఆంగ్ల బోధన కోసం మొదలైన ఆ సంస్థ 1972 లో విదేశీ భాషలను చేర్చుకుంది, 2007 లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

ఒకప్పుడు లాటిన్ ఉన్న చోట ఇప్పుడు సి1 ధ్రువపత్రం ఉంది. లాటిన్ బాల్యంలోనే మంచి బడిలో చేరినవారికి దక్కేది. సి1 ను ఏ వయసులోనైనా, ఏ ఊరి నుండైనా సాధించవచ్చు. కాని దానికీ డబ్బు, సమయం, బోధించేవారు కావాలి. ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్న మీకు ఈ తేడా వివరించనక్కరలేదు.

1.9 సారాంశం

ఏ నిబంధనను పరిశీలించినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ చదువుకు ఇది నిజంగా అవసరమా? ఇది ఎవరిని బయట ఉంచుతోంది? జర్మన్ సాహిత్య ఎం.ఏ.కు జర్మన్ రావాలనడం అవసరం. ప్రాచీన దశలను పరిశోధించేవారికి లాటిన్ ఉపయోగకరం. ఆడపిల్ల కారాదు, యూదు కారాదు అనేవాటికి చదువుతో సంబంధం లేదు. అయినా ఇవన్నీ తమ తమ కాలాలలో ఒకే రకమైన అధికార భాషలో, ఒకే విధమైన ఉత్తర్వులుగా వెలువడ్డాయి. వాటిని వేరు చేసి చూడగలగడం చరిత్ర విద్యార్థి పని.

1.10 నమూనా ప్రశ్నలు

అ) ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అబిటూర్ పరీక్ష ప్రవేశ విధానంలో తెచ్చిన మార్పులను వివరించండి.
2. మొదటి ప్రపంచ యుద్ధం అమెరికాలో జర్మన్ బోధనపై చూపిన ప్రభావం ఏమిటి?

ఆ) ఈ ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. అగాథె లాష్ జీవితం ఆధారంగా జర్మనీ విశ్వవిద్యాలయాల ప్రవేశ, నియామక విధానాలను సమీక్షించండి.